అయిదు గ్రాముల ఉంగరానికి అంత ధర ఎందుకు?

విశాఖపట్నం,
శ్రావణ మాసం.

చిట్టితల్లికీ, బాబుకీ తాతయ్య ఆశీస్సులు.

మధురవాడ నుంచి మీరిద్దరూ కలిసి రాసిన ఉత్తరం అందింది. అందులో చిట్టితల్లి ప్రశ్న ఇది: “తాతయ్యా, వరలక్ష్మీ వ్రతానికి ముందు మీ కొట్టుకు వచ్చినావిడ ఎర్రరాయి ఉంగరం చూసి, అయిదు గ్రాములే కదా, ఇంత ధర ఏమిటి అని అడిగారు. నేను ఇంటికి వచ్చాక పేపర్లో వెండి ధర చూసి అయిదుతో హెచ్చవేశాను. నాకూ ఎక్కువే అనిపించింది. ఎందుకు?” దాని కింద పెన్సిలుతో బాబు రాసింది ఒకే వాక్యం: “కాల్చిన వెండి చల్లారాక కూడా మెత్తగానే ఉంటుందని చెప్పారు కదా, ఎందుకని?”

మీకు తెలియకుండానే ఇద్దరూ ఒకే సంగతి అడిగారు. తమ్ముడికి జవాబు చెబితే అక్కకు సగం చెప్పినట్టే.

ఆవిడ అడగడంలో తప్పేమీ లేదు. డబ్బు ఇచ్చేవాళ్లు అడగాలి. ఆ రోజు కొట్టు నిండా జనం ఉండడంతో తీరిగ్గా చెప్పలేకపోయాను. మీకు మాత్రం తీరిగ్గానే చెబుతాను.

ముందు చిట్టితల్లి లెక్క సరిచేద్దాం. అయిదు గ్రాములన్నది రాయితో కలిపి ఉంగరం తూకం. అందులో రాయి అయిదు క్యారెట్లు. అయిదు క్యారెట్లంటే ఒక గ్రాము. కాబట్టి వెండి నాలుగు గ్రాములే. రాయిని కూడా వెండి తూకంలో కలిపి అమ్మేవాళ్లు ఉంటారు, అది పద్ధతి కాదు. రాయి తూకం తీసేసి వెండి తూకం చెప్పాలి, రాయి ధర వేరుగా చెప్పాలి. అంటే నీ ప్రశ్న ఇంకా పెద్దదైంది. నాలుగు గ్రాముల వెండికి అంత ధరా?

ఆ నాలుగు గ్రాములూ పూర్తిగా వెండి కూడా కాదు. శుద్ధమైన వెండి మరీ మెత్తన. దానితో ఉంగరం చేస్తే, బిందె మోసినా బస్సు కడ్డీ పట్టుకున్నా సొట్టపడుతుంది. అందుకని 37 పాళ్ల వెండికి 3 పాళ్ల రాగి కలుపుతాం. లెక్క వేసి చూడు, నూటికి 92.5 వంతుల వెండి వస్తుంది. ఉంగరం లోపలి వైపు చిన్న అక్షరాల్లో 925 అని ఉంటుంది, అది ఈ పాళ్ల సంగతే. ఇంకో మాట గుర్తుపెట్టుకోండి: జర్మన్ సిల్వర్ అని అమ్మే దానిలో వెండి రవ్వంత కూడా ఉండదు. అది రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. అందంగానే ఉంటుంది, కొనుక్కోవచ్చు. వెండి అనుకుని మాత్రం కొనకూడదు.

వెండినీ రాగినీ మూసలో వేసి, మీద వెలిగారం చల్లి కరిగించి, కడ్డీగా పోస్తాం. శుద్ధమైన వెండి దాదాపు 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రాగి కలిస్తే ఇంకాస్త ముందే కరిగిపోతుంది. ఆ కడ్డీని దాకలి మీద పెట్టి సుత్తితో కొడితే మొదట బుద్ధిగా సాగుతుంది. కాసేపటికి సుత్తి చప్పుడు మారుతుంది. అంతవరకూ మందంగా వినిపించేది కాస్తా ఖణేలుమంటుంది. చెయ్యి కూడా అదురుతుంది. వెండి గట్టిపడిందన్నమాట. అప్పుడు ఆపాలి. ఆపకుండా కొడితే అంచు చీలుతుంది.

ఎందుకు గట్టిపడింది? చిట్టితల్లీ, నీ జుట్టు సంగతి తలుచుకో. అమ్మమ్మ నూనె రాసి దువ్వినప్పుడు నీ జుట్టులో వెంట్రుకలన్నీ వరుసగా పడుకుని ఉంటాయి. వేలు పెడితే జారుతుంది. వెండి లోపల కంటికి కనిపించని కణాలు కూడా అలాగే వరుసలు తీరి ఉంటాయి. ఒక వరుస ఇంకో వరుస మీద జారుతుంది. వెండి సాగడమంటే ఆ జారడమే. ఇప్పుడు నువ్వు జుట్టు విరబోసుకుని బీచ్‌లో సాయంత్రమంతా ఆడి వచ్చావనుకో. చిక్కుపడుతుంది. ఒక చిక్కు ఇంకో చిక్కును పట్టుకుంటుంది, దువ్వెన దిగదు. సుత్తి దెబ్బలు వెండికి చేసేది అదే. దెబ్బ దెబ్బకూ వరుసల్లో చిక్కులు పెరుగుతాయి. చిక్కుపడ్డ వరుసలు జారవు, జారకపోతే వెండి సాగదు. మన చేతికి అది గట్టిదనంగా తెలుస్తుంది. చిక్కుపడ్డ జుట్టును దువ్వెనతో బలవంతంగా లాగితే తెగి చేతిలోకి వస్తుంది కదా, వెండి అంచు చీలడం కూడా అంతే.

అప్పుడు అమ్మమ్మ ఏం చేస్తుంది? దువ్వెన పక్కన పెట్టి నూనె గిన్నె తెస్తుంది. మాకు నిప్పే నూనె. వెండి వేడెక్కితే కణాలకు కదిలే వీలు వస్తుంది. చిక్కులు విడిపోతాయి, వరుసలు కొత్తగా తీరతాయి. బాబూ, నీ ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. నూనె రాసి విడదీసిన చిక్కు, నూనె ఆరిపోయినంత మాత్రాన మళ్లీ పడదు. మళ్లీ గాలిలోకి వెళ్లి ఆడితేనే పడుతుంది. చల్లారిన వెండి కూడా మళ్లీ సుత్తి పడేదాకా మెత్తగానే ఉంటుంది.

ఇంకా ఉంది. ఉంగరాల జుట్టుకు తొందరగా చిక్కుపడుతుంది. రాగి కలిసిన వెండికీ అంతే, శుద్ధమైన వెండికన్నా తొందరగా గట్టిపడుతుంది. నూనె మరీ ఎక్కువైతే వెంట్రుకలు అతుక్కుని లావు పాయలుగా తేలతాయి. వెండిని అవసరానికి మించి కాలిస్తే లోపలి వరుసల గుంపులు అలాగే లావెక్కి, తర్వాత వంచినప్పుడు పైభాగం గరుకు తేలుతుంది. ఇక చివర, జడ ఊడిపోకుండా బిగించినట్టే, ఉంగరం పూర్తయ్యే ముందు దాన్ని ఇనుప కడ్డీకి తొడిగి చుట్టూ సుత్తితో తట్టి, కొంచెం చిక్కు కావాలనే మిగులుస్తాం. ఆ మాత్రం గట్టిదనం లేకపోతే ఉంగరం గుండ్రంగా నిలవదు.

కడ్డీని తీగ చెయ్యాలంటే కమ్మచ్చు ఉంటుంది. వరుసగా ఒకదానికన్నా ఒకటి చిన్నవైన బెజ్జాలున్న ఉక్కు పలక అది. తీగ కొసను పటకారుతో పట్టుకుని బెజ్జం తర్వాత బెజ్జం గుండా లాగాలి. కొన్ని బెజ్జాలు దాటేసరికి తీగ మొండికేస్తుంది. మళ్లీ కాల్చాలి. కాల్చేటప్పుడు నేను లైటు ఆర్పేస్తానని మీరు గమనించారు కదా. వెలుతురులో ఆ ఎరుపు కంటికి ఆనదు. చీకట్లో మసక ఎరుపు కనిపించగానే మంట తీసేయాలి. కాలిన వెండి మీద నల్లటి పొర కడుతుంది, అందులోని రాగి చేసే పని అది. నా చిన్నతనంలో చింతపండు పులుసులో వేసి ఆ నలుపు తీసేవాళ్లం.

చిన్నతనం అన్నాను కాబట్టి అది కూడా రాస్తాను. పాత ఊళ్లో, కురుపాం మార్కెట్ దగ్గరి సందులో మా నాన్నగారి పని గది ఉండేది. అప్పుడు గ్యాసు లేదు. బొగ్గుల కుంపటి, ఊదుగొట్టం. ఊదడం నా పని. బుగ్గల నిండా గాలి పట్టి, ముక్కుతో పీలుస్తూ నోటితో వదులుతూ ఉండాలి. మధ్యలో ఊపిరి తెగితే మంట వాలిపోతుంది, అతుకు సగంలో ఆగుతుంది. అది అలవాటు కావడానికి నాన్నగారు ముందు నాకు బొప్పాయి ఆకు కాడ ఇచ్చి గ్లాసు నీళ్లలో ఊదమనేవారు. బుడగలు తెగకుండా రావాలి. వీధిలో పిల్లలు హార్బర్‌కు ఓడలు చూడడానికి పరుగెత్తుతుంటే నేను గ్లాసు ముందు కూర్చుని బుడగలు ఊదేవాణ్ణి. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వచ్చిన జనం మా సందులోంచే నడిచి వెళ్లేవారు. వాళ్లలో కొందరు గుమ్మం దగ్గర ఆగి నా బుగ్గలు చూసి నవ్వేవారు. నాకు గర్వంగా ఉండేది.

సాయంత్రం గది ఊడ్చిన చెత్త పారేయడానికి లేదు. ఆకురాయి పట్టినప్పుడు రాలిన పొడి అందులోనే ఉంటుంది. దాన్ని డబ్బాలో దాచిపెడితే, జలగడిగేవాళ్లు వచ్చి కొనుక్కుని, నీళ్లలో కడిగి వెండి రజను తీసుకునేవారు. చేతులు కడిగిన నీళ్లకు కూడా వేరే తొట్టి ఉండేది. పిల్లలూ, మీరు పెన్సిల్ ముక్కలు పారేస్తుంటే నేను ఎందుకు ఏరి దాస్తానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. చేతిలో ఉన్న వస్తువును పూర్తిగా వాడుకోవడం మంచి అలవాటు. మీరూ నేర్చుకోండి.

ఇక రాయి. దాన్ని కూర్చోబెట్టే గూడును శుద్ధమైన వెండి రేకుతో చేస్తాం, ఎందుకంటే అక్కడ మెత్తదనమే కావాలి. రాయి చుట్టూ రేకు కొలిచి, కత్తిరించి, రెండు కొసలూ వెంట్రుక దూరనంత దగ్గరగా చేర్చి అతకాలి. సందు ఉంటే అతుకు నిలవదు. వేడి తగిలితే రాళ్లు బీటలు వారతాయి కాబట్టి నిప్పు పనులన్నీ అయ్యాకే రాయిని పెడతాం. గూట్లో రాయి కూర్చున్నాక రేకు అంచును దాని మీదికి ఒత్తాలి. ఇక్కడే పని తెలిసినవాళ్లు తెలిసిపోతారు. ఒక చోట మొదలుపెట్టి చుట్టూ ఒత్తుకుంటూ పోతే, ఎక్కువైన రేకంతా చివరికి ఒక్క చోట పోగుపడి ముడత పడుతుంది. అందుకని ముందు తూర్పు, వెంటనే దాని ఎదురుగా పడమర, తర్వాత ఉత్తరం, దక్షిణం, ఆపైన మూలలు. ప్రతిసారీ కొంచెమే. ముడత ఎక్కడా పడకుండా అంచు రాయి మీదికి వాలిపోతుంది. చివర నున్నటి ఉక్కు ముక్కతో రుద్దితే అంచు ఎక్కడ ముగిసి రాయి ఎక్కడ మొదలైందో వేలికి తెలియదు. పాత చీర దారం దాని మీద లాగి చూస్తాను. దారం తట్టుకుంటే పని కాలేదన్నమాట.

చిట్టితల్లీ, ధర ఎక్కడ ఉందో ఇప్పుడు కనిపించిందా? వెండి, రాయి, గ్యాసు, తరుగు, కొట్టు అద్దె అన్నీ ఉన్నాయి. మిగిలినదంతా మజూరీ. ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు ఆపాలో తెలిసిన చేతికి ఇచ్చే కూలి అది. యంత్రంతో ఒకే అచ్చు మీద వందల ఉంగరాలు పోస్తారు, వాటి ధర తక్కువగానే ఉంటుంది. అవి చెడ్డవని నేను ఎప్పుడూ అనను. తక్కువ డబ్బుతో వేలికి ఉంగరం పెట్టుకోవాలని ఎవరికి ఉండదు? కానీ మజూరీ తగ్గించమని ఎవరైనా అడిగితే నేను తగ్గించలేను. పక్కన కూర్చుని పని నేర్చుకుంటున్న కుర్రవాడికి కూడా అందులోంచే జీతం ఇవ్వాలి.

అమ్మేటప్పుడు దాచకూడనివి కొన్ని ఉన్నాయి. గాజు అయితే గాజు అనాలి. రంగు వేసిన రాయి అయితే ఆ మాట కొనేవాళ్లు అడగకముందే చెప్పాలి. గాలిలోని గంధకం వల్ల వెండి నల్లబడుతుందని, మన సముద్రపు తేమకు ఇంకా తొందరగా నల్లబడుతుందని, మెత్తని గుడ్డతో తుడుచుకుంటే పోతుందని చెప్పి పంపాలి. ముత్యాలు, పగడాలు ఉన్న నగకు నిమ్మకాయ, చింతపండు తగలనివ్వకూడదు, పులుపు వాటిని తినేస్తుంది. నర్సీపట్నం వైపు కొండల్లో వైడూర్యం జాతి రంగురాళ్లు ఉన్న మాట నిజమే. వాటి కోసం అనుమతి లేకుండా గోతులు తవ్వి, మట్టిపెళ్లలు విరిగిపడి మనుషులు పోయారు. అలా వచ్చిన రాయిని ఎంత చవగ్గా ఇచ్చినా నేను తీసుకోను. మీరు పెద్దయ్యాక కూడా తీసుకోవద్దు.

ఆవిడ చూసిన ఎర్రరాయి పేరు గార్నెట్. నవరత్నాల్లోని గోమేధికం కూడా ఈ కుటుంబంలోదే. నేను కొనేది జైపూర్‌లో సానపట్టిన రాయి. అయితే గార్నెట్ కోసం అంత దూరం చూడక్కర్లేదు. కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్, మన చుట్టూ ఉన్న కొండలు ఎక్కువగా ఖోండలైట్ అనే రాయితో ఏర్పడినవి. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరే ఆ రాయికి పెట్టారు. దానిలో గార్నెట్లు గింజల్లా పొదిగి ఉంటాయి. ఎండకూ వానకూ కొండ అరిగి, వాగులు ఆ గింజలను సముద్రానికి చేరుస్తాయి. గార్నెట్ మామూలు ఇసుక రేణువుకన్నా బరువు. అల వెనక్కి వెళ్తూ తేలిక ఇసుకను తీసుకుపోతుంది, బరువైనది అక్కడే దిగబడిపోతుంది. ఎవరూ జల్లెడ పట్టకుండానే సముద్రం అలా వేరుచేసి పెడుతుంది. ఇంత వయసు వచ్చినా అది చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. అల అదంతా ఎలా చేస్తుందో పూర్తిగా వివరించబోను, మీరే చూడండి.

వచ్చే ఆదివారం మీ నాన్నతో కలిసి పొద్దున్నే భీమిలి బీచ్‌కు వెళ్లండి. మన సముద్రం లోపలికి లాగేస్తుంది కాబట్టి నీళ్లలోకి దిగవద్దు, నాన్న చెయ్యి వదలవద్దు. అల వచ్చి వెళ్లిన తడి ఇసుక మీద నల్లగా, ఊదారంగు కలిసిన ఎరుపుగా చారలు ఉంటాయి. సముద్రం పోటెత్తి తగ్గిన మర్నాడైతే ఇంకా బాగా కనిపిస్తాయి. చిటికెడు ఇసుక తెల్ల కాగితం మీద వేసి, ఎండ పడేలా పట్టుకుని భూతద్దంతో చూడండి. నల్లనివి వేరే ఖనిజాలు. తెల్లగా, గాజులా ఉన్నవి స్ఫటికాలు. దానిమ్మ రంగులో వెలుతురు దూరే గింజలు గార్నెట్లు. బాబు వాటి అంచులు పదునుగా ఉన్నాయా, అరిగి గుండ్రంగా ఉన్నాయా చూడాలి. చిట్టితల్లి ఒక చిటికెడులో ఎర్రవి ఎన్ని, నల్లవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. చూశాక ఇసుకను అక్కడే వదిలేసి రండి, సీసాల్లో నింపుకుని రావద్దు. లెక్క మాత్రం కాగితం మీద రాసి నాకు పంపండి. భూతద్దం లేకపోతే శనివారం కొట్టుకు రండి, నాది ఇస్తాను.

ఇట్లు
మీ తాతయ్య