నీళ్ళ కింద నీళ్ళు

చిరంజీవులు అమ్మడికీ చిన్నోడికీ తాతయ్య దీవెనలు.

మీరు పంపిన మెక్సికో ఫొటోలు మీ నాయనమ్మా నేనూ రెండుసార్లు చూశాం. చిన్నోడు నారింజరంగు లైఫ్ జాకెట్ వేసుకుని, ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద బోర్లా తేలుతున్న ఫొటో చూసి మీ నాయనమ్మ మొదట భయపడింది, తర్వాత మురిసిపోయింది.

అమ్మడూ, నువ్వు ఫోన్లో ఒక ప్రశ్న అడిగావు. "నాన్న డోస్ ఓహోస్ నీటి గుహలో డైవింగ్ చేసి పైకొచ్చాక, లోపల ఇంకో నీటి మట్టం కనిపించిందన్నాడు. నీళ్ళ కింద వేరే నీళ్ళు ఎలా ఉంటాయి తాతయ్యా?" అని. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదది. అందుకే కాగితం తీశాను.

ముందు మా అమ్మ బెల్లం దిమ్మ గురించి చెప్పాలి. మాది పల్నాడులో మట్టి మిద్దె. వంటింటి గూట్లో బెల్లం దిమ్మ ఉండేది. ఒక ఏడు వానలు విడవకుండా పడి మిద్దె కారింది. చుక్క చుక్కగా ఆ దిమ్మ మీదే పడిందని ఎవరూ గమనించలేదు. చూడ్డానికి దిమ్మ దిమ్మలాగే ఉంది. ఒకరోజు ఎవరూ లేనప్పుడు చిన్న ముక్క విరుచుకుందామని బొటనవేలితో నొక్కాను. పైపెంకు విరిగి వేలు లోపలికి దిగిపోయింది. లోపలంతా గుల్ల! అడుగున పాకం మడుగు కట్టి ఉంది. లోపలి బెల్లమంతా నేనే తిన్నాననుకుని అమ్మ నాలుగు తగిలించింది.

మీరు ఈదిన చోటు, మెక్సికోలోని యుకతాన్ నేలంతా అలాంటి బెల్లం దిమ్మే. అది సున్నపురాయి. ఒకప్పటి సముద్రం అడుగున గవ్వలూ పగడాలూ పేరుకుని రాయైన నేల. వాన నీరు గాలిలోంచీ మట్టిలోంచీ కాస్త బొగ్గుపులుసు వాయువును కలుపుకుంటుంది. మా ఊరి గోళీసోడాలో ఉండేది అదే. దాంతో నీటికి రవ్వంత పులుపు వస్తుంది, ఆ పులుపుకు సున్నపురాయి కరుగుతుంది. రాయిలోని సందులగుండా వాననీరు నేరుగా కిందికి దిగిపోతుంది గనుక యుకతాన్ ఉత్తర భాగంలో నేల మీద నదులే లేవు. ఉన్నవన్నీ నేల కిందే. లోపల కరిగి కరిగి, పైకప్పు పలచబడి, ఒకనాడు కూలుతుంది. నా బొటనవేలు దిగినట్టే. ఆ కూలిన చోట ఏర్పడ్డ నీటిగుంటే సెనోటే. అక్కడి ఆదివాసులైన మాయా ప్రజలు 'త్సోనోత్' అంటారు, స్పెయిన్ వాళ్ళ నోట అది సెనోటే అయింది. మీరు చూసిన డోస్ ఓహోస్ పేరుకు అర్థం 'రెండు కళ్ళు'. పక్కపక్కనే రెండు గుంటలు, పైనుంచి చూస్తే నేల కళ్ళు తెరిచినట్టు.

మీరు ఇండియా వచ్చినప్పుడు నంద్యాల జిల్లాలో బెలుం గుహలకు తీసుకెళ్ళాను గుర్తుందా? అదీ సున్నపురాయే. అడుగున పాతాళగంగ దగ్గర చిన్నోడు నా చెయ్యి వదల్లేదు. అక్కడ కొలిచిన పొడవు 3,229 మీటర్లు. మీ నాన్న దిగిన డోస్ ఓహోస్, పక్కనున్న సాక్ ఆక్తున్ అనే నీటి గుహల వరస, రెండూ ఒకటేనని 2018లో ఈతగాళ్ళు తేల్చారు. అప్పటికి కొలిచిన పొడవు 347 కిలోమీటర్లు! హైదరాబాదు నుంచి నంద్యాల దాటి ఇంకా చాలా దూరం, అంతా నేల కింద, నీళ్ళలో.

ఇంకో సంగతి. నీళ్ళలో పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు మీకు కనిపించే ఉంటాయి. మా గూటి అంచు నుంచి కూడా పాకం చుక్కలుగా జారి, ఆరి, సన్నటి పుల్లల్లా వేలాడింది. చెప్పండి, ఆ గూడు నీళ్ళలో మునిగి ఉంటే పాకం అలా చుక్కలు కట్టి ఆరగలదా? ఆరదు. అంటే మీరు ఈదిన ఆ గది ఒకప్పుడు పొడిగా ఉండేదన్నమాట. మంచుయుగంలో భూమ్మీది నీరు కొంత మంచుగా గడ్డకట్టి, సముద్రం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి పోయింది. గుహలన్నీ ఖాళీ అయ్యాయి. మంచు కరిగాక మళ్ళీ నిండాయి.

ఆ పొడి రోజుల్లో ఒక పిల్ల అక్కడ నడిచింది. అక్కడి తులుమ్ అనే ఊరికి దగ్గరలోనే 'నల్ల గొయ్యి' అనే లోతైన గుంట ఉంది. 2007లో ముగ్గురు ఈతగాళ్ళు దాన్ని కనుక్కున్నారు. దాని అడుగున పదిహేను, పదహారేళ్ళ అమ్మాయి ఎముకలు దొరికాయి. పన్నెండు వేల ఏళ్ళకు పైబడిన ఎముకలు. చుట్టూ ఇప్పుడు భూమ్మీద లేని ఏనుగుజాతి జంతువులవీ, స్లాత్ అనే జంతువుల రాక్షసజాతివీ ఎముకలు. ఆమెకు నాయా అని పేరు పెట్టారు. చీకట్లో నీళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి పడిపోయిందేమో అంటారు. అమ్మడూ, నీకంటే నాలుగేళ్ళు పెద్దదంతే. ఈ మాట రాసి కాసేపు కలం పక్కన పెట్టాను.

సరే, నీ ప్రశ్న. శ్రీరామనవమికి నాయనమ్మ పానకం చేస్తుంది కదా. బెల్లం వేసి కలపకుండా వదిలేస్తే అడుగున చిక్కటి తీపి, పైన చప్పటి నీళ్ళు. తీపినీరు బరువు, అందుకే కిందే కూర్చుంటుంది. తులుమ్ సముద్రపు ఒడ్డు. రాయంతా గుల్ల గనుక సముద్రం కూడా కిందినుంచి లోపలికి వస్తుంది. ఉప్పునీరు బరువు కాబట్టి అడుగున ఉంటుంది, వాన నీరు దాని మీద తేలుతుంది. రెండూ కలిసే చోట వెలుతురు వంగి, అద్దం పరిచినట్టు కనిపిస్తుంది. మీ నాన్న కాళ్ళకు తొడిగిన ఈతరెక్క తగలగానే రెండు నీళ్ళూ కలగాపులగమై అంతా మసకబారి ఉంటుంది. అడిగి చూడు.

మేం ఈత నేర్చుకున్నది మోటబావిలో. నడుముకు జీలుగు బెండ్లు కట్టి మా మామయ్య తోసేసేవాడు. నెలకల్లా బెండ్లు విప్పేశాం. ఒకసారి చెంబు పడిందని నేను మునిగాను. అడుగున బురద లేచి ఏమీ కనపడలేదు. పైకొస్తే తల రాతికి తగిలింది. బావిగోడలో ఒక బొరియ, దాని కిందికి పోయాను. వెలుతురు ఎటుందో తెలీలేదు. చెయ్యి చాస్తే చేంతాడు దొరికింది, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ రోజు నుంచి, తాడు చేతిలో లేకుండా ఎవరూ మునగకూడదని మామయ్య కట్టడి చేశాడు.

ఆ గుహల్లోనూ తాడే ప్రాణం. లోపలికి కట్టిన సన్నటి తాడు పక్కనే పోవాలి. వీపున మోసే సిలిండర్లోని గాలిలో మూడోవంతు వెళ్ళడానికి, మూడోవంతు రావడానికి, మిగతాది ఆపదకి. మీ నాన్న పగటి వెలుతురు కనిపించే మేరకే, గైడుతో వెళ్ళాడు. ఇంకా లోపలికి పోవాలంటే వేరే చదువు కావాలి. చిన్నోడా, ఆ చదువు లేకుండా ఎంత పెద్ద ఈతగాడివైనా ఆ హద్దు దాటొద్దు.

దిగేముందు స్నానం చేయించారని, ఎండక్రీము రాసుకోవద్దన్నారని విసుక్కున్నావట. మా ఊళ్ళో ఈత మోటబావిలో, తాగడం మంచినీళ్ళ బావిలో. మంచినీళ్ళ బావి గట్టు మీదికి చెప్పులతో వస్తే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. నదుల్లేని ఆ నేలకు తాగునీళ్ళు ఆ రాయిలోంచే రావాలి. ఒక గుంటలో కడిగింది ఇంకో గుంటలో తేలుతుంది. అలాంటి బావిలో మీరు ఈదారు.

ఇప్పుడు నేను చెప్పింది నమ్మి ఊరుకోకండి. గాజుగ్లాసులో సగం దాకా బాగా ఉప్పు కలిపిన నీళ్ళు పొయ్యండి. నీటికి ఆనించి చెంచా పెట్టి, దాని మీదుగా మంచినీళ్ళు మెల్లగా జారనివ్వండి. కిటికీ దగ్గర పెట్టి, కళ్ళు గ్లాసు ఎత్తుకు తెచ్చి పక్కనుంచి చూడండి. తర్వాత చెంచా కొసతో నడిమధ్య ఒక్కసారి కదిపి, మళ్ళీ చూడండి. చిన్నోడు తొందరపడి ముందే కలిపేస్తాడు, వాడికి వేరే గ్లాసు ఇవ్వు. ఎవరికి ఏం కనిపించిందో విడివిడిగా రాయండి.

మీ తాతయ్య