డౌడింగ్‌ను ఎందుకు పంపేశారు? సినిమా చూపించని అక్టోబర్ 17

1940లో జర్మన్ విమాన దాడులను తిప్పికొట్టిన యుద్ధానికి గుర్తుగా ఏటా సెప్టెంబర్ 15న బ్రిటన్‌లో 'బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్' దినం జరుపుకుంటారు. 1969లో అదే పేరుతో వచ్చిన సినిమా క్లిప్పులు అప్పుడు మళ్లీ చక్కర్లు కొడతాయి, వాటితోపాటే, ఆ యుద్ధం నడిపించిన డౌడింగ్‌ను తర్వాత పదవి నుంచి ఎందుకు తప్పించారన్న పాత తగువూ లేస్తుంది. అందులో ఎక్కువ గొడవకు కారణమయ్యే సీన్ ఒకటుంది. బ్రిటన్ వైమానిక దళం (ఆర్‌ఏఎఫ్)లో ఫైటర్ విమానాల విభాగమైన ఫైటర్ కమాండ్ అధిపతి డౌడింగ్‌గా లారెన్స్ ఒలివియర్. ఆయన ముందు ఇద్దరు గ్రూప్ కమాండర్లు (ఒక్కో గ్రూప్ దేశంలో ఒక్కో ప్రాంతాన్ని కాచేది), కీత్ పార్క్, లీ-మాలరీ, మాటకు మాట అనుకుంటుంటారు. డౌడింగ్ ఇద్దరి వాదనా విని పంచాయితీ తీరుస్తారు.

వాస్తవంలో డౌడింగ్ మీద చరిత్రకారులు పెట్టే పెద్ద తప్పు ఇదే. ఆయన ఆ పని సకాలంలో చేయలేదు. ఇద్దరి మధ్య విభేదం ముదురుతుంటే పట్టించుకోకుండా వదిలేశారు. తీర్పు వేరే చోట, వేరేవాళ్ల చేతిలో వెలువడింది.

డన్‌కర్క్, చర్చిల్ ప్రసంగాలు, లండన్ మీద బాంబులు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు. ఈ తగువు అర్థం కావాలంటే 1940 అక్టోబర్ 17న ఎయిర్ మినిస్ట్రీలో జరిగిన సమావేశం దగ్గర ఆగాలి. సినిమా కథ దానికి నెల ముందే అయిపోతుంది.

మొత్తం వైమానిక దళానికి పెద్ద అయిన ఎయిర్ స్టాఫ్ అధిపతి న్యూవల్‌కు ఆ రోజు ఒంట్లో బాగాలేదు. ఆయన స్థానంలో డిప్యూటీ షోల్టో డగ్లస్ అధ్యక్షత వహించారు. అజెండా ఫైటర్ వ్యూహాల మీద చర్చ. వచ్చినవాళ్లంతా పెద్ద హోదా ఉన్నవాళ్లే, ఒక్కరు తప్ప. లీ-మాలరీ తన వెంట స్క్వాడ్రన్ లీడర్ (డజను దాకా ఫైటర్లుండే దళం, అంటే స్క్వాడ్రన్, అధిపతి) డగ్లస్ బాడర్‌ను తీసుకొచ్చారు. కృత్రిమ కాళ్లతో విమానం నడిపిన బాడర్ అప్పటికే జనంలో హీరో. పార్క్ కింద నెలల తరబడి రోజూ యుద్ధం చేసిన స్క్వాడ్రన్ లీడర్లలో ఒక్కరికీ పిలుపు లేదు. తర్వాత సమావేశం మినిట్స్ చేతికొచ్చాక, తాను చెప్పింది సరిగా రాయలేదని, సవరించమని పార్క్ రాతపూర్వకంగా అడిగారు. సవరించలేదు.

బాడర్ వాదన వినడానికి బాగుంటుంది. మూడు నుంచి ఐదు స్క్వాడ్రన్లను ఒక్క గుంపుగా, 'బిగ్ వింగ్'గా పంపితే జర్మన్లకు ఒక్క దెబ్బతో గట్టిగా తగులుతుందని ఆయన అనేవారు. లీ-మాలరీ 12 గ్రూప్ లండన్‌కు ఉత్తరాన ఉండేది. బాడర్ ఎగిరే డక్స్‌ఫర్డ్ కేంబ్రిడ్జ్ దగ్గర. అక్కడి నుంచి చూస్తే జర్మన్ విమానాలు వచ్చేలోపు కూడుకునే వ్యవధి ఉన్నట్టే కనిపిస్తుంది.

పార్క్ 11 గ్రూప్‌కు ఆ వెసులుబాటు లేదు. లండన్, ఆగ్నేయ ఇంగ్లండ్ ఆయన బాధ్యత. ఫ్రాన్స్ తీరం మీద రాడార్ గుర్తించిన దళం ఇరవై నిమిషాల్లో ఆయన విమానాశ్రయాల మీద ఉండేది. కబురు అందాక స్పిట్‌ఫైర్ ఫైటర్ నేల మీది నుంచి లేచి 20,000 అడుగులు చేరడానికే ఇంచుమించు పావుగంట పట్టేది. ఇక గాల్లో ఐదు స్క్వాడ్రన్లు ఒకదానికొకటి ఎదురుచూసుకుంటూ కూర్చుంటే కింద రన్‌వేలు మిగలవు. పార్క్‌కు పెద్ద గుంపులంటే పడదన్న ప్రచారం కూడా నిజం కాదు. టైమ్ దొరికినప్పుడు సెప్టెంబర్‌లో ఆయన స్క్వాడ్రన్లను జతలుగా పంపారు.

బిగ్ వింగ్‌కు బలం ఇచ్చినవి లెక్కలు. ఎక్కువ విమానాలు ఒకేచోట పోరాడితే ఒకే శత్రు విమానాన్ని నలుగురు కూల్చామనుకోవడం మామూలే. సెప్టెంబర్ 15న ఆర్‌ఏఎఫ్ మొత్తంగా 185 కూల్చినట్టు ప్రకటించింది. జర్మన్లు నిజంగా పోగొట్టుకున్నవి 60 దరిదాపుల్లో. డక్స్‌ఫర్డ్ లెక్కల్లో ఈ ఉబ్బు ఇంకా ఎక్కువని తర్వాత తేలింది. అప్పట్లో మినిస్ట్రీ నమ్మింది. పైగా బాడర్ స్క్వాడ్రన్ అడ్జుటెంట్ (పాలనా వ్యవహారాలు చూసే అధికారి) పీటర్ మాక్‌డొనాల్డ్ పార్లమెంటు సభ్యుడు కూడా. విషయాన్ని ఆయన చర్చిల్ దాకా తీసుకెళ్లారు. ఇలాంటి దారి పార్క్ పైలట్లకు లేదు.

డౌడింగ్‌ను పంపించడానికి ఇంకో కారణం ఉందనేవాళ్లు ఉన్నారు. సెప్టెంబర్ 7 నుంచి లండన్ మీద 57 రాత్రులు వరసగా బాంబులు పడ్డాయి. రాత్రి ఫైటర్లు ఏమీ చేయలేకపోయాయి. రిటైర్మెంట్ అప్పటికే పలుమార్లు వాయిదా పడింది, వయసు 58. ఈ వాదనను కొట్టిపారేయలేం. అయితే విమానంలో అమర్చే రాడార్ అప్పటికి ఇంకా పూర్తిగా సిద్ధం కాలేదు. దానికి ఆయనొక్కరినే బాధ్యుణ్ని చేయడం కష్టం.

నవంబర్ చివర్లో ఆయన కుర్చీలోకి షోల్టో డగ్లస్ వచ్చారు. డిసెంబర్‌లో పార్క్ స్థానంలోకి లీ-మాలరీ వచ్చారు. సమావేశంలో అటువైపు కూర్చున్న ఇద్దరికే రెండు పదవులూ దక్కాయి.

1941 జనవరిలో లీ-మాలరీ ఒక ప్రయోగం చేశారు. సెప్టెంబర్ నాటి ఒక దాడినే తీసుకుని, తన పద్ధతిలో ఎలా ఎదుర్కోవచ్చో కాగితాల మీద ఆడించి చూశారు. ఫైటర్లు లేవకముందే 11 గ్రూప్ విమానాశ్రయాలైన కెన్లీ, బిగిన్ హిల్ మీద బాంబులు పడినట్టు ఫలితం వచ్చింది. నిజాం విరాళం వల్ల 'హైదరాబాద్' పేరు తగిలించుకున్న 253 స్క్వాడ్రన్ 1940 సెప్టెంబర్‌లో, పార్క్ కింద, ఎగిరింది ఆ కెన్లీ నుంచే.

రెండు నెలలు తిరగకుండా ఎయిర్ మినిస్ట్రీ ఈ యుద్ధం మీద చిన్న పుస్తకం వేసింది. లక్షల కాపీలు అమ్ముడైంది. అందులో డౌడింగ్ పేరు ఎక్కడా లేదు. చర్చిల్‌కే కోపం వచ్చింది.

బాడర్ జీవితం మీద 1956లో వచ్చిన సినిమా బ్రిటన్‌లో పెద్ద హిట్. పదమూడేళ్ల తర్వాత దర్శకుడు గై హామిల్టన్ తీసిన సినిమాలో బాడర్ పాత్రే లేదు. అప్పుడు బాడర్‌గా చేసిన కెనెత్ మోర్ ఇందులో ఒక స్టేషన్ కమాండర్‌గా మాత్రం ఉంటారు. డౌడింగ్ వీల్‌చైర్‌లో షూటింగ్ చూడటానికి వచ్చారు. సినిమా విడుదలై అయిదు నెలలు తిరిగేసరికి, 1970 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయన పక్షానే సినిమా మొగ్గిందన్న విమర్శలో నిజం ఉంది. మరి 1941 పుస్తకం ఎటు మొగ్గింది?

పార్క్ 1942లో మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపాన్ని వైమానిక దాడుల నుంచి కాపాడారు. 1944 నవంబర్‌లో ఆసియా పోస్టుకు వెళుతూ లీ-మాలరీ విమాన ప్రమాదంలో చనిపోతే, ఆ పోస్టుకు పంపింది పార్క్‌నే. డౌడింగ్‌కు 1943లో లార్డ్ బిరుదు ఇచ్చారు, వైమానిక దళంలో అత్యున్నతమైన మార్షల్ ఆఫ్ ది ఆర్‌ఏఎఫ్ హోదా ఇవ్వలేదు. షోల్టో డగ్లస్‌కు దాన్ని 1946లో ఇచ్చారు.