జియోఇన్ఫర్మాటిక్స్ (స్థల సమాచార విశ్లేషణ) పరిశోధన: అపోహలు - వాస్తవాలు

అపోహ: సాఫ్ట్‌వేర్ వస్తే పరిశోధన పద్ధతి వచ్చినట్టే.

వాస్తవం: ‘మెథడ్ ఏంటి?’ అని అడిగితే కొత్త స్కాలర్లు చాలామంది ‘క్యూజీఐఎస్’ అని చెప్పేస్తారు. అది మ్యాపుల పనికి వాడే సాఫ్ట్‌వేర్, పనిముట్టు మాత్రమే. అందులోనే ఒకరు బావుల నీటిమట్టాలతో క్రిగింగ్ (కొలిచిన చోట్ల విలువల్ని బట్టి కొలవని చోట్ల అంచనా వేయడం) చేస్తారు, ఇంకొకరు జనం చేత్తో గీసిచ్చిన మ్యాపుల్ని డిజిటైజ్ చేస్తారు. ఇద్దరి ప్రశ్నలూ వేరు, పొరపాట్లు దొర్లే చోట్లూ వేరు.

అపోహ: అంకెల్లో తేలిందంటే ఇక తిరుగులేదు.

వాస్తవం: హద్దులు ఎక్కడ గీశారో చూడకుండా అంకెను నమ్మకండి. 1979లో ఓపెన్‌షా, టేలర్ అనే భూగోళ పరిశోధకులు అమెరికాలోని అయోవా రాష్ట్రపు 99 కౌంటీల (మన జిల్లాల్లాంటివి) డేటా తీసుకుని, వృద్ధుల శాతానికీ రిపబ్లికన్ ఓట్లకూ ఉన్న సహసంబంధాన్ని లెక్కగట్టారు. కౌంటీలను ఒక రకంగా కలిపితే దాదాపు +1 (రెండూ కలిసే పెరుగుతాయి), ఇంకో రకంగా కలిపితే దాదాపు -1 (ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతుంది) వచ్చింది. డేటాలో ఒక్క అంకె కూడా మారలేదు! అయినా ‘జిల్లాలవారీ డేటా దొరికింది కాబట్టి అదే వాడాం’ అనే పేపర్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. యూనిట్ మార్చి మళ్లీ లెక్క చేసి చూడ్డం కూడా పద్ధతిలో భాగమే.

అపోహ: మోడల్ యాక్యురసీ 95 శాతం వస్తే చాలు.

వాస్తవం: ముందు టెస్ట్ పాయింట్లు ఎక్కడివో చెప్పండి. ఉపగ్రహ చిత్రంలో ఒకే పొలంలోని పిక్సెళ్లు (చిత్రంలోని చిన్న గడులు) కొన్ని మోడల్‌కు నేర్పే ట్రైనింగ్‌కు, వాటి పక్కవే టెస్ట్‌కు వెళితే అది పరీక్ష కాదు, ప్రశ్నపత్రం లీక్. దగ్గరి వాటి మధ్య సంబంధం దూరపు వాటికంటే ఎక్కువని భూగోళ శాస్త్రవేత్త టోబ్లర్ 1970లోనే చెప్పాడు. మోడల్‌ను కొత్త ప్రాంతంలో వాడే ఉద్దేశం ఉంటే, డేటాను ప్రాంతాల వారీగా బ్లాకులు చేసి, ఒక్కో బ్లాకును పూర్తిగా పక్కనపెట్టి పరీక్షించాలి. స్కోరు తగ్గుతుంది. తగ్గనివ్వండి.

అపోహ: రిజల్యూషన్ ఎంత ఎక్కువైతే అంత మంచిది.

వాస్తవం: దశాబ్దాల మార్పు చూడాలంటే 1972 నుంచి నడుస్తున్న అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలకే వెళ్లాలి, పిక్సెల్ పెద్దదైనా, అంటే రిజల్యూషన్ తక్కువైనా సరే.

అపోహ: ఇంటర్వ్యూలు మన పని కాదు.

వాస్తవం: 1854 లండన్ కలరాపై వైద్యుడు జాన్ స్నో వేసిన మ్యాప్ గురించి క్లాసుల్లో అందరం చెబుతాం. ఆయన నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకుంటున్నారని జనాన్ని అడుగుతూ తిరిగిన సంగతి ఎందుకో వదిలేస్తాం. కలరా బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లవల్లే వస్తోందన్నది స్నో వాదన. ఆ పంపుకు చాలా దూరంగా, హాంప్‌స్టెడ్‌లో ఒకావిడ కలరాతో చనిపోయింది. ఆ పంపు నీళ్లంటే ఇష్టపడి రోజూ బండి మీద తెప్పించుకునేదని ఆమె కొడుకు చెబితేనే తెలిసింది. పంపుకు దగ్గర్లోనే ఉన్న బీరు కార్ఖానాలో మాత్రం కలరాతో ఎవరూ చనిపోలేదు. పనివాళ్లు ఆ నీళ్లు తాగరని యజమాని చెప్పాడు. మ్యాప్ ఒక్కటే చూస్తే ఈ రెండూ స్నో వాదనకు అడ్డొచ్చేవే. అడిగి తెలుసుకున్నాక రెండూ ఆయన వైపు సాక్ష్యాలయ్యాయి.