నిమ్మరసానికి అండ దొరికేదాకా

1747 మే 20. సాల్స్‌బరీ అనే బ్రిటిష్ యుద్ధనౌకలో స్కర్వీతో (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) పడకేసిన 12 మంది నావికులను సర్జన్ జేమ్స్ లిండ్ ఒకచోట చేర్చాడు. చిగుళ్ళు కుళ్ళి, ఒళ్ళంతా మచ్చలు తేలి, మోకాళ్ళలో సత్తువ లేని మనుషులు. తిండి అందరికీ ఒకటే, మందు మాత్రం ఇద్దరిద్దరికి ఒకటి. ఒక జంటకు వెనిగర్, ఒక జంటకు సముద్రపు నీళ్ళు, ఇంకో జంటకు రోజూ చెరో రెండు నారింజలు, ఒక నిమ్మకాయ. ఆరు రోజులకే పళ్ళు అయిపోయాయి. అయినా ఆ ఇద్దరిలో ఒకడు లేచి పనిలోకి వెళ్ళగలిగాడు. రెండోవాడికి మిగతా రోగుల సేవ అప్పగించారు.

ఇంత కళ్ళెదుట జరిగాక కూడా నౌకాదళం అంతటికీ నిమ్మరసం మంజూరైంది 1795లో!

తప్పు కొంత లిండ్‌దీ ఉంది. 1753లో అచ్చేసిన పుస్తకంలో ఈ ప్రయోగానికి ఇచ్చింది కొద్ది పేజీలే. నిల్వ ఉండాలని రసాన్ని కాచమన్నాడు, కాస్తే అందులోని గుణం పోతుంది. కానీ నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే సంగతి. ఆ కాలంలో ఓడ సర్జన్ మాటకు విలువ తక్కువ. పైనున్న దొర ఎవరైనా పట్టించుకుంటే తప్ప కాగితం కదలదు. లిండ్ తన పుస్తకాన్ని నౌకాదళ పెద్ద ఆన్సన్‌కు అంకితమిచ్చాడు. ఆన్సన్ తన ప్రపంచయాత్రలో వెయ్యిమందికి పైగా మనుషులను పోగొట్టుకున్నవాడు, అందులో స్కర్వీకి బలైనవాళ్ళే ఎక్కువ. అయినా నిమ్మకాయ మాత్రం ఓడ ఎక్కలేదు.

గిల్బర్ట్ బ్లేన్ అనే మరో వైద్యుడి దారి వేరు. లండన్‌లో పేరున్న వైద్యుడు విలియం హంటర్ సిఫారసుతో 1779లో అడ్మిరల్ రాడ్నీకి సొంత వైద్యుడయ్యాడు. ఓడ సర్జన్‌గా ఒక్కరోజూ పనిచేయకుండానే మొత్తం నౌకాదళ విభాగానికే వైద్యుడైపోయాడు. ఇది అన్యాయమే. కానీ ఆ పలుకుబడిని అతను మంచికే వాడాడు. వెస్టిండీస్‌లో లెక్కలు తీశాడు: 12 వేల మంది నావికుల్లో ఒక్క ఏడాదిలో 1,500 మందికి పైగా రోగాలతో పోయారు, శత్రువు చేతిలో పోయినవాళ్ళు 60 మంది దాకా. పళ్ళు ఇవ్వమని నౌకాదళాన్ని నడిపే అడ్మిరల్టీకి నేరుగా రాశాడు.

1794లో సఫోక్ అనే ఓడ ఇంగ్లండ్ నుంచి మన మద్రాసుకు 23 వారాలు ఎక్కడా ఆగకుండా వచ్చింది. రోజూ రమ్ములో నిమ్మరసం కలిపి ఇచ్చారు. స్కర్వీకి ఒక్క ప్రాణమూ పోలేదు. మరుసటి ఏడాది బ్లేన్ నౌకాదళ ఆరోగ్య బోర్డులో చేరాడు, నిమ్మరసానికి మంజూరు వచ్చింది.

లిండ్ అప్పటికి లేడు. 1794లోనే కన్నుమూశాడు.