పైపు మూతికి మొలిచిన గడ్డం

బాలానగర్‌లో నాకు తెలిసిన ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. ఒకరోజు వెళ్లేసరికి వెల్డర్ హోల్డర్ పక్కన పడేసి కూర్చున్నాడు. "పైపు గుంజుతుంది సార్, ఆర్క్ నిలబడ్తలేదు" అన్నాడు. అప్పటికే మెషీన్ మార్చారు, రాడ్ల ప్యాకెట్ మార్చారు, ఎర్త్ క్లాంప్ కింద తుప్పు గీకారు. అయినా రాడ్ తగిలించగానే లేచే మంట, అదే ఆర్క్, ఒక పక్కకు వంగిపోతోంది. రెండు అంచులను కలపాల్సింది పోయి ఒకదాన్నే కాల్చి, చిటపట చుక్కలు చిమ్మి ఆరిపోతోంది.

వంగి చూస్తే దొంగ దొరికాడు. గ్రైండింగ్‌లో రాలిన ఇనుప రజను పైపు అంచున నిక్కబొడుచుకుని ఉంది, అచ్చం రెండు రోజులు గీయని గడ్డంలా. గుడ్డతో తుడిస్తే పోయింది. గ్రైండర్ పెట్టగానే మళ్లీ మొలిచింది. పైపు అయస్కాంతమైపోయింది.

తీగలో పారే కరెంటుకు తీగే గట్టు. ఆర్క్‌లో కరెంటు పారేది వేడెక్కిన వాయువులో కాబట్టి దానికి గట్టంటూ లేదు. అయస్కాంత క్షేత్రం అడ్డొస్తే కరెంటు మీద పక్కకు తోసే బలం పడుతుంది. మిక్సీ మోటారును తిప్పేది ఈ బలమే. మిక్సీలో పనికొచ్చేది ఇక్కడ పని చెడగొడుతుంది. దీన్నే వెల్డర్లు ఆర్క్ బ్లో అంటారు.

మరి పైపుకు ఈ గుణం ఎలా వచ్చింది? కోఠి బస్టాప్‌లో జనం తలో దిక్కూ చూస్తూ నిలబడతారు. బస్సు రాగానే తలలన్నీ అటు తిరుగుతాయి. బస్సు వెళ్లిపోయాక కూడా కొందరు అటే చూస్తూ ఉండిపోతారు. ఉక్కులోని చిన్న చిన్న అయస్కాంత మండలాలదీ అదే తీరు. బయటి క్షేత్రం పోయినా కొన్ని ఆ దిక్కునే ఉండిపోతాయి. ఈ పైపులను యార్డులో అయస్కాంత క్రేన్‌తో దించారట, అక్కడే అంటుకుని ఉండాలి. పగుళ్లు వెతికే అయస్కాంత పరీక్షల వల్ల కూడా ఇలా అవుతుంది. అసలు భూమి ఒక్కటే చాలు. ఉత్తర దక్షిణాలుగా పెట్టి సుత్తితో సాగగొట్టిన ఇనుము అయస్కాంతం అవుతుందని విలియం గిల్బర్ట్ 1600లోనే రాశాడు. అయస్కాంత క్షేత్రాన్ని గాస్‌లలో కొలుస్తారు, హైదరాబాద్‌లో భూమి క్షేత్రం సుమారు 0.4 గాస్ మాత్రమే.

షెడ్డు యజమాని ఎక్కడినుంచో గాస్ మీటర్ తెప్పించాడు. విడిగా ఉన్న పైపు కొసన 15 చూపించింది. "ఇంతేనా" అన్నాడు ఫిట్టర్. రెండో పైపును తెచ్చి, 3 మిల్లీమీటర్ల సందు వదిలి ఎదురెదురుగా నిలబెట్టి ఆ సందులో కొలిస్తే 60 దాటింది! విడి కొసన బలరేఖలు గాలిలోకి విచ్చుకుపోతాయి. ఎదురుగా ఇంకో ఉక్కు మూతి కనిపిస్తే అన్నీ ఆ సన్నటి సందులోంచే దూకుతాయి. వెల్డర్ మంట పెట్టేదీ సరిగ్గా అక్కడే. అందుకే విడి పైపును కొలిచి "ఫరవాలేదు" అనడం నా లెక్కలో కొలవనట్టే. సందు చుట్టూ నాలుగైదు చోట్ల చూడాలి, ఎందుకంటే ఒక్కోచోట ఒక్కో అంకె వస్తుంది. మోటు లెక్కన 10 గాస్ లోపైతే పని నడుస్తుంది, 20 దాటితే ఆర్క్ తూలుతుంది, 40 దాటితే వెల్డర్ చేతులెత్తేస్తాడు.

గ్యాస్ టార్చ్‌తో వేడి చేద్దామన్నాడొకడు. ఇనుము ఆ గుణం వదలాలంటే సుమారు 770 డిగ్రీలు దాటాలి, వెల్డింగ్‌కు ముందు చేసే మామూలు ప్రీహీట్‌కు అది లొంగదు. డీసీ బదులు ఏసీ పెడితే తోపు అటూ ఇటూ మారుతూ కొంత సర్దుకుంటుంది గానీ, అన్ని రాడ్లూ ఏసీ మీద నడవవు.

చివరికి చేసింది ఇది. సందుకు దగ్గరగా పైపు చుట్టూ వెల్డింగ్ కేబుల్‌ను ఎనిమిది చుట్లు చుట్టి, ఇంకో డీసీ మెషీన్‌కు కలిపారు. తక్కువ కరెంటు ఇవ్వగానే మీటర్ 90కి ఎగబాకింది. ఫిట్టర్ కంగారుపడ్డాడు గానీ, అది మంచి కబురే. దిక్కు తప్పిందంతే. కేబుల్ కొసలు తారుమారు చేసి కరెంటు మెల్లగా పెంచుతుంటే 40, 25, 12, 5. ఇక్కడ పైపులోని అయస్కాంతాన్నేమీ తుడిచెయ్యలేదు. సందులో దానికి ఎదురు క్షేత్రం నిలబెట్టారంతే. అందుకే వెల్డింగ్ అయ్యేదాకా చుట్లలో కరెంటు ఆపకూడదు.

ఈసారి మంట నిటారుగా నిలబడింది. రూట్ రన్, అంటే సందు అడుగున వేసే మొదటి వరస, చుట్టూ పడ్డాక బలరేఖలకు గాలిలో దూకే అవసరం లేదు, కొత్త లోహంలోంచే దారి దొరికింది. రెండో రన్‌కు చుట్లు విప్పేశారు. పైపు అవతలి కొసన, ఇంకా జత కలపని మూతికి, గడ్డం అలాగే ఉంది.