బీడీఎల్ అంటే సున్నా అనుకోకండి

అపోహ: "మెటల్స్ టెస్టు చేయించామండి, అన్నీ బీడీఎల్. ఇంక భయం లేదు."

తాళ్ళరేవు వైపు రొయ్యల రైతు ఒకాయన ఈమధ్య ఈ మాటంటూనే రిపోర్టు నా బల్ల మీద పెట్టారు. పక్కన కూల్‌డ్రింక్ సీసాలో చెరువు నీళ్ళు. పడవల రంగుల వల్ల నీళ్ళు విషమవుతున్నాయని ఎవరో చెప్పారట. పాపం, నిద్ర పట్టక వేలు పోసి పరీక్ష చేయించారు. ఆయన భయం ఒకటి, ల్యాబువాళ్ళు కొలిచింది ఇంకొకటి.

వాస్తవం: బీడీఎల్ (బిలో డిటెక్షన్ లిమిట్) అంటే ఆ మెషీన్‌కి ఆననంత తక్కువ అని మాత్రమే. ఆ రిపోర్టులో తగరానికి డిటెక్షన్ లిమిట్, అంటే మెషీన్ పట్టగల కనీస మోతాదు, లీటరుకు 1 మైక్రోగ్రాము (1,000 నానోగ్రాములు). పాత ఓడల రంగుల్లో ఉండే తగరపు పదార్థం ట్రైబ్యూటైల్ టిన్‌కి యూరప్ వాళ్ళు పెట్టుకున్న ఏడాది సగటు హద్దు లీటరుకు 0.2 నానోగ్రాములు. అంటే 5,000 రెట్లు కింద! అయిదడుగుల లోతున్న ఎకరం చెరువులు ఎనిమిది వందలుంటే, వాటన్నిటినీ ఆ హద్దుకు చేర్చడానికి ఒక్క గ్రాము చాలు. లీటరుకు నానోగ్రాము స్థాయిలోనే కొన్ని రకాల ఆడ నత్తలకు మగ అవయవాలు మొలుస్తాయి. 2008లో అమల్లోకొచ్చిన అంతర్జాతీయ ఒప్పందం ఓడలకు ఆ రంగును నిషేధించింది గానీ, పాతది అడుగు బురదలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. అందుకే పడవల రేవు పక్కన చెరువుంటే నీళ్ళతోపాటు బురద కూడా పరీక్షకివ్వాలి.

పైగా లోహాల్ని కొలిచే మామూలు యంత్రం ఐసీపీ-ఎంఎస్‌లో ప్లాస్మా వేడికి అణువు ముక్కలైపోతుంది. మొత్తం తగరమెంతో, మొత్తం పాదరసమెంతో తెలుస్తుంది, ఏ రూపంలో ఉందో తెలీదు. ఆ రూపం తేల్చడానికే (దీన్నే స్పీషియేషన్ అంటారు) నీళ్ళలో సోడియం టెట్రాఇథైల్ బోరేట్ అనే రసాయనం కలిపి, హెక్సేన్‌లోకి లాగి, జీసీ (గ్యాస్ క్రొమటోగ్రాఫ్) యంత్రంలో విడదీసి, అప్పుడు ఐసీపీ-ఎంఎస్‌కి పంపుతాం. "స్పీషియేషన్ చేస్తారా? డిటెక్షన్ లిమిట్ ఎంత?" అని డబ్బు కట్టకముందే అడగండి. నసిగితే దండం పెట్టి వచ్చేయండి. కూల్‌డ్రింక్ సీసా అసలొద్దు, ఈ పదార్థాలు దాని గోడలకే అంటుకుపోతాయి. ల్యాబువాళ్ళిచ్చే, యాసిడ్‌తో కడిగిన గాజు సీసాలో పట్టి, వెలుతురు తగలకుండా ఐసులో పెట్టి తేవాలి.

టీడీఎస్ పెన్ను? అది కొలిచేది కరిగిన ఉప్పుల్ని. నానోగ్రాముల ఊసే దానికి తెలీదు. కాచితే పోతుందా? తగరం పోదు, నీళ్ళే ఆవిరవుతాయి. చెరువు మీద రంగురంగుల తెట్టు పాదరసమేనని వాట్సాప్‌లో తిరిగే వీడియో శుద్ధ అబద్ధం. కర్రతో కదపండి. పెంకుల్లా విరిగితే ఇనుప బ్యాక్టీరియా, మళ్ళీ కలిసిపోతే నూనె.

పాదరసం భయంతో, కడుపుతో ఉన్న కోడలికి చేపలే మాన్పించేసే అత్తగార్లు ఫోన్ చేస్తుంటారు. చేపల్లో చేరే పాదరసపు రూపం మిథైల్ మెర్క్యురీ. అది ఎక్కువగా పోగుపడేది చేపల్ని తిని చాలాకాలం బతికే పెద్ద చేపల్లో. పులస నీళ్ళలో తేలే సన్నటి జీవుల్ని తింటుంది. నెత్తళ్ళు, కవళ్ళు కొన్నేళ్ళకు మించి బతకవు. వాటి పులుసు నిశ్చింతగా పెట్టండమ్మా. పెద్ద సొరచేప మాత్రం ఆ నెలల్లో వద్దు. పాలు పడతాయని బాలింతకు పెట్టే సొర కూడా అంతే.