బైట్‌కోడ్ ఎన్‌హాన్స్‌మెంట్: అపోహలు - వాస్తవాలు

కంపైలయిన జావా క్లాసులోకి (బైట్‌కోడ్‌లోకి) హైబర్నేట్, ఎక్లిప్స్‌లింక్ లాంటి డేటాబేస్ లైబ్రరీలు అదనపు కోడ్ చేర్చడమే బైట్‌కోడ్ ఎన్‌హాన్స్‌మెంట్. ఎక్లిప్స్‌లింక్ దీన్నే వీవింగ్ అంటుంది.

అపోహ: ఫీల్డ్ మీద లేజీ అని రాశాం కదా, ఇక అడిగినప్పుడే లోడవుతుంది.

వాస్తవం: సాధారణ ఫీల్డ్‌కు రాసే లేజీ జేపీఏలో (జావా ఆబ్జెక్ట్‌లను డేటాబేస్‌తో కలిపే ప్రమాణంలో) సూచన మాత్రమే, పాటించి తీరాలన్న నియమం లేదు. హైబర్నేట్‌లో కలెక్షన్లు, మెనీ-టు-వన్‌లు (ఇంకో ఎంటిటీని చూపే ఫీల్డ్‌లు) లేజీ అని రాస్తే ఎన్‌హాన్స్‌మెంట్ లేకుండానే లేజీగా నడుస్తాయి. ఒకదానికి హైబర్నేట్ సొంత కలెక్షన్, ఇంకోదానికి ప్రాక్సీ (అసలు ఆబ్జెక్ట్ బదులు నిలబడే డమ్మీ) ఉంటుంది. కానీ బ్లాబ్ కాలమ్‌కు (ఫైళ్ల లాంటి పెద్ద డేటా ఉండేదానికి) ప్రాక్సీ ఎక్కడ పెడతారు? క్లాసునే మార్చాలి. మార్చకపోతే ఎర్రరేమీ రాదు, ఆ కాలమ్ ప్రతి సెలెక్ట్‌లోనూ దర్జాగా వచ్చి కూర్చుంటుంది. ఎక్లిప్స్‌లింక్ ఇంకాస్త కఠినం: వీవింగ్ లేకపోతే మెనీ-టు-వన్ లేజీని కూడా ఈగర్ (వెంటనే లోడయ్యేలా) చేసేసి, ఆ ముక్క లాగ్‌లో రాసి ఊరుకుంటుంది. ఆ లాగ్ ఎవరు చదువుతారు!

అపోహ: మావెన్ బిల్డ్ టూల్ పామ్ ఫైల్‌లో ఎన్‌హాన్స్‌మెంట్ ప్లగిన్ పెట్టేశాం, పనైపోయింది.

వాస్తవం: ముందు ఆప్షన్లు చూడండి. హైబర్నేట్ 5 ప్లగిన్‌లో లేజీ లోడింగ్, డర్టీ ట్రాకింగ్ (మారిన ఫీల్డ్‌లను గుర్తించడం) దేనికది ట్రూ అని ఇవ్వాలి. ఇవ్వకపోతే ప్లగిన్ ఉన్నా లేనట్టే.

అవన్నీ సరిగ్గా ఇచ్చి కూడా నేను ఒకసారి రెండు రోజులు పోగొట్టుకున్నాను. కమాండ్ లైన్‌లో టెస్టులు పాస్, ఐడీఈలో ఫెయిల్. తీరా చూస్తే, నేను ఫైల్ సేవ్ చేసిన ప్రతిసారీ ఐడీఈ తన కంపైలర్‌తో మామూలు క్లాస్ ఫైల్ తయారుచేసి, మావెన్ మార్చిన దాని మీద రాసేస్తోంది. అప్పట్నుంచి కాన్ఫిగరేషన్‌ను నమ్మను, క్లాస్ ఫైల్ మీద జావాపీ (లోపలున్న మెథడ్‌లను చూపే టూల్) కొడతాను. రెండు డాలర్ గుర్తులు, అండర్‌స్కోర్, ఆపైన హైబర్నేట్ పేరుతో మొదలయ్యే మెథడ్‌లు కనిపిస్తేనే పని జరిగినట్టు.

అపోహ: ఎన్‌హాన్స్ చేస్తే ఎన్ ప్లస్ వన్ సమస్య (జాబితాకు ఒక క్వెరీ, అందులో ప్రతిదానికీ ఇంకో క్వెరీ) పోతుంది.

వాస్తవం: పోదు. హైబర్నేట్ సెషన్ మూశాక, ఇంకా లోడవని లేజీ ఫీల్డ్‌ను ముట్టుకుంటే వచ్చే ఎక్సెప్షన్ కూడా పోదు. అది క్వెరీ రాసేవాళ్ల పని.

అపోహ: లేజీ ఫీల్డ్‌లు నాలుగుంటే, ముట్టుకున్నది ఒక్కటే లోడవుతుంది.

వాస్తవం: సాధారణ కాలమ్‌లైతే హైబర్నేట్ వాటన్నిటినీ ఒకే గుంపుగా చూస్తుంది. ఒకదాన్ని ముట్టుకుంటే నాలుగూ వస్తాయి. చిన్న వివరణ ఫీల్డ్ చదివితే పక్కనున్న స్కాన్ కాపీ కూడా దిగిపోవడం ఇందుకే. విడదీయాలంటే లేజీగ్రూప్ అనోటేషన్‌తో వేర్వేరు పేర్లు పెట్టాలి.

అపోహ: రన్‌టైమ్‌లో ఎప్పుడైనా ఎన్‌హాన్స్ చేసుకోవచ్చు.

వాస్తవం: లోడైపోయిన క్లాసుకు కొత్త ఫీల్డ్‌లు, మెథడ్‌లు చేర్చడానికి హాట్‌స్పాట్ జేవీఎం ఒప్పుకోదు. అందుకే ఎక్లిప్స్‌లింక్‌ను జావా ఎస్‌ఈలో డైనమిక్‌గా వాడాలంటే జావాఏజెంట్‌ను (క్లాసు లోడయ్యేటప్పుడే దాన్ని మార్చేదాన్ని) స్టార్టప్ కమాండ్‌లోనే ఇస్తారు. అలా కుదరకపోతే స్టాటిక్ వీవింగ్ పెట్టుకుని, బిల్డ్‌లోనే ఆ పని కానివ్వండి.